డాక్టరు ఎందుకవుతావని ఎవరడిగారు?

గోదావరి జిల్లాల్లో ఒక పిల్ల డాక్టరవుతుందా ఇంజినీరవుతుందా అన్నది పదో తరగతి ఫలితాలొచ్చిన వారంలోపే తేలిపోతుంది. తేల్చేది ఆ పిల్ల కాదు. బైపీసీయా ఎంపీసీయా అన్న పంచాయితీలో మేనమామ ఒకరు, కొడుకుని అప్పటికే మెడిసిన్‌లో చేర్పించిన ఎదురింటాయన ఒకరు, ఫీజులో రాయితీ ఇప్పిస్తానంటూ వచ్చిన కాలేజీ పీఆర్వో ఒకరు కూర్చుంటారు. పిల్ల వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వింటుంది. ఆ తరవాత రెండేళ్ళు హాస్టలు, స్టడీ అవర్లు, ఆదివారం పరీక్షలు. ర్యాంకు రాకపోతే లాంగ్‌టర్మ్. చివరికి నీట్ పరీక్ష: 180 ప్రశ్నలు, 720 మార్కులు, ఒక ఓఎంఆర్ షీటు. సీటొస్తే సెంటర్లో ఫ్లెక్సీ.

ఇంత దారిలో ఎక్కడా ఎవరూ ఆ పిల్లని కూర్చోబెట్టి, "నువ్వు డాక్టరు ఎందుకవుదామనుకుంటున్నావమ్మా?" అని అడగరు. చుట్టాలెవరైనా అడిగినా అది పలకరింపే. "సేవ చేద్దామనండీ" అంటుంది, వాళ్ళు "శభాష్" అని కాఫీ అందుకుంటారు.

ఆ ప్రశ్న నిజంగా ఎదురయ్యేది ఎంబీబీఎస్ పూర్తయ్యాక, అదీ అమెరికా వెళ్ళాలనుకున్నవాళ్ళకి. రెసిడెన్సీకి, అంటే అక్కడి ఆస్పత్రుల్లో మన పీజీ లాంటి శిక్షణకి, అప్లై చేసేటప్పుడు పర్సనల్ స్టేట్‌మెంట్ అని ఒక పేజీ రాయమంటారు. అనాటమీ, ఫార్మకాలజీ నమిలి మింగి, అమెరికా లైసెన్సు పరీక్షలైన స్టెప్ 1, స్టెప్ 2 గట్టెక్కిన పిల్లలకి ఈ ఒక్క పేజీ దగ్గర టెన్షన్ మొదలవుతుంది. నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. మా వైపు ఇంగ్లీషు మాస్టారంటే దరఖాస్తులు దిద్దేవాడని లెక్క కాబట్టి ఈ పేజీలు నా దగ్గరికి వస్తాయి. "గ్రామర్ ఒక్కటి చూసి పెట్టండి మాస్టారూ, చాలు" అంటారు. గ్రామర్ దాదాపుగా బాగానే ఉంటుంది. కనబడనిదల్లా రాసిన మనిషి.

ఈ పేజీ గురించి మనవాళ్ళలో రెండు అభిప్రాయాలున్నాయి. అదో ఫార్మాలిటీ, స్కోరు ఉంటే చాలునన్నది ఒకటి. మన దేశంలో కూడా ఇలాంటిది పెట్టి మార్కులివ్వాలి, అప్పుడే మంచి డాక్టర్లొస్తారన్నది రెండోది. నాకు రెండూ నచ్చవు. ఆ పేజీ చాలా ముఖ్యమైనది. కానీ దాని విలువ మనుషుల్ని ఏరడంలో లేదు. రాసేవాళ్ళ చేత ఆలోచింపజేయడంలో ఉంది. మార్కులు కట్టిన రోజున ఆ విలువ పోతుంది.

ముందు ఆ దేశాల్లో ఏం అడుగుతారో చెప్పాలి. అమెరికాలో మెడికల్ స్కూలంటే మన ఇంటర్ తరవాత చేరేది కాదు. నాలుగేళ్ళ డిగ్రీ చదివి, ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, అప్పుడు అప్లై చేస్తారు. చాలా కాలేజీలకి ఒకే దరఖాస్తు ఉంది, ఆమ్‌క్యాస్ అంటారు. అందులో వ్యాసానికి ఇచ్చే చోటు ఖాళీలతో కలిపి 5,300 అక్షరాలు. అడిగేది ఒక్కటే: మెడికల్ స్కూలుకి ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావు? బ్రిటన్‌లో పన్నెండో తరగతి పిల్లలే అప్లై చేస్తారు. అక్కడ యూనివర్సిటీలకి దరఖాస్తులు తీసుకునే సంస్థ యూకాస్. దాని దరఖాస్తులో 4,000 అక్షరాలు. ఇదివరకు అంతా కలిపి ఒకే వ్యాసం రాసేవారు. 2026లో చేరేవాళ్ళ నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. ఈ కోర్సు ఎందుకు, నీ చదువు నిన్ను దీనికి ఎలా సిద్ధం చేసింది, చదువు బయట నువ్వు చేసిందేమిటి, అది ఎలా పనికొస్తుంది. మెడిసిన్‌కైతే అక్టోబరు 15కల్లా పంపేయాలి.

మన పిల్లలు ఎక్కువగా తలపడేది రెసిడెన్సీ స్టేట్‌మెంట్‌తో. 2022 జనవరి నుంచి స్టెప్ 1లో మూడంకెల స్కోరు తీసేసి పాస్, ఫెయిల్ అని మాత్రమే ఇస్తున్నారు. స్టెప్ 2కి స్కోరు ఉంది గానీ, ఒక పెద్ద అంకె మాయమయ్యేసరికి మిగతా కాగితాల మీద చూపు పెరిగింది. పైగా ఇంటర్వ్యూలో కూర్చున్నాయన ఎదురుగా ఈ పేజీ ఉంటుంది. ప్రశ్నలు అందులోంచే మొదలవుతాయి. ఎవరో రాసిపెట్టిన పేజీ పట్టుకెళ్ళినవాడు రెండో ప్రశ్నకే నీళ్ళు నములుతాడు.

మనవాళ్ళ పేజీలు ఎలా ఉంటాయంటే, "చిన్నప్పటి నుంచీ" అని మొదలవుతాయి. తాతయ్యకి గుండెపోటు వస్తుంది. తెల్లకోటు వేసుకున్న దేవుడొకాయన వస్తాడు. తాతయ్య బతికితే కృతజ్ఞతతో, పోతే పట్టుదలతో ఆ పసివాడు డాక్టరు కావాలని నిర్ణయించుకుంటాడు. తరవాత పేరా నిండా కరుణ, అంకితభావం, బృందంగా పనిచేసే గుణం. ఇది మనవాళ్ళ జబ్బే అనుకునేరు. 2007లో యూకాస్ తమకొచ్చిన వేల దరఖాస్తుల్ని కంప్యూటర్ చేత పోల్పించి చూస్తే, 234 మంది ఒకే కథ రాశారని తేలింది: ఎనిమిదో పుట్టినరోజున కెమిస్ట్రీ సెట్టుతో ప్రయోగం చేస్తూ పైజామాకి చిల్లు పడేలా కాల్చుకున్నారట, సైన్సు మీద ఇష్టం అప్పుడే పుట్టిందట. అంతా ఇంటర్నెట్‌లో దొరికిన ఒకే నమూనా మహిమ. ఆ తరవాత యూకాస్ ప్రతి స్టేట్‌మెంట్‌నీ పాతవాటితో పోల్చి చూడటం మొదలెట్టింది.

మన దగ్గర పైజామా బదులు తాతయ్య. అంతే తేడా.

కోనసీమ లంక గ్రామపు అమ్మాయి ఒకామె తన పేజీ పట్టుకొచ్చింది. ఇంటర్నల్ మెడిసిన్‌కి అప్లై చేస్తోంది. మొదటి పేరాలోనే అమ్మమ్మ గుండెపోటుతో పోయారు, ఏడేళ్ళ మనవరాలు మంచం పక్కన ప్రతిజ్ఞ చేసింది. చదివి, "పాపం, ఏ ఊళ్ళో జరిగిందమ్మా ఇది?" అన్నాను. "అమ్మమ్మ బానే ఉన్నారండి మాస్టారూ" అంది. కన్సల్టెన్సీవాళ్ళు ఇచ్చిన నమూనాలో అలా ఉందట.

బతికున్న అమ్మమ్మ సంగతేమిటని అడిగాను. ఆవిడకి బోదకాలు. కుడికాలు మోకాలి కిందదాకా వాచి ఉంటుంది, పెళ్ళిళ్ళకి వెళ్ళదు, ఫొటోల్లో చీర కుచ్చిళ్ళు కాలి మీదికి లాక్కుని కూర్చుంటుంది. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది కొత్త విషయం కాదు. మురుగు నీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే పురుగు ఇది. మా చిన్నప్పుడు ఫైలేరియావాళ్ళు రాత్రిపూట వచ్చి నిద్రపోతున్న పిల్లల్ని లేపి వేలు గుచ్చి రక్తం తీసుకునేవారు. ఆ సూక్ష్మ క్రిములు రాత్రివేళే పైరక్తంలోకి వస్తాయి కాబట్టి అలా. పగలు రాకూడదా అని పెద్దవాళ్ళు తిట్టేవాళ్ళు. ఎందుకో చెప్పినవాళ్ళు మాత్రం తక్కువ.

ఆ అమ్మాయి మెల్లగా చెప్పుకొచ్చింది. ఏటా బోదకాలు మాత్రలు పంచేవాళ్ళు వస్తారు, డీఈసీ మాత్రలూ ఆల్బెండజోలూ. ఎదురుగానే మింగాలని ఆశా కార్యకర్త పట్టుబడుతుంది. అమ్మమ్మ "అన్నం తిన్నాక వేసుకుంటాలేవే" అని కొంగున ముడేసుకుని, ఆవిడ గుమ్మం దాటగానే పెరట్లో పారేస్తుంది. ఇంట్లో చాలామందిదీ అదే వరస. ఆరోగ్యంగా ఉన్నవాడికి మందేమిటని మగవాళ్ళు, వేసుకుంటే జ్వరమూ తలనొప్పీ వస్తాయని ఆడవాళ్ళు. నిజంగానే వస్తాయి. ఒంట్లో క్రిములున్నవాళ్ళకి అవి చచ్చేటప్పుడు ఆ బాధలు వస్తాయి. అంటే జ్వరం వచ్చినవాడికే మందు ఎక్కువ అవసరమన్నమాట. ఊళ్ళోవాళ్ళకి మాత్రం అది మందు పడకపోవడం. ఇక అమ్మమ్మ అడిగేది ఒకటే: "ఈ మాత్రతో నా కాలు తగ్గుద్దా?" తగ్గదు. ఆ మాత్ర ఊళ్ళో కొత్తవాళ్ళకి రాకుండా ఆపడానికి. వాచిన కాలికి కావలసింది రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, పుండు పడకుండా చూసుకోవడం. ఆ సంగతి తనకి మూడో ఏడాది కమ్యూనిటీ మెడిసిన్ క్లాసులో తెలిసిందట. ఆ సెలవులకి వెళ్ళి ఒక ప్లాస్టిక్ టబ్బు కొని అమ్మమ్మ కాలు తనే కడగడం మొదలెట్టిందట. తరవాత ఏడు అమ్మమ్మ ఆశా ఎదురుగానే మాత్ర మింగింది. "నీకోసం వేసుకుంటున్నానే" అందిట మనవరాలితో.

ఇదంతా చెప్పి, "ఇవన్నీ రాయకూడదు కదండీ మాస్టారూ?" అని అడిగింది.

మరేం రాస్తారు? జనం మందెందుకు వేసుకోరు, డాక్టరు చెప్పింది నిజమే అయినా నమ్మకం ఎక్కడ తెగుతుంది, కాలు కడిగితే ఎందుకు అతుక్కుంటుంది. ఈ మూడూ ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరుకి జీవితాంతం ఎదురయ్యే ప్రశ్నలే. ఆమె వాటిని పందొమ్మిది, ఇరవై ఏళ్ళకే సొంత ఇంట్లో చూసింది. చూశానన్న సంగతి మాత్రం ఆమెకే తెలీదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. ఈ పేజీ విలువ ఇదే అంటాను నేను. ఆమెకి రెసిడెన్సీ వచ్చిందా రాలేదా అన్నది వేరే లెక్క. నిజం పేజీ రాశాక తన చేతిలో ఏముందో ఆమెకి తెలిసింది.

ఆమెతో ఇంకో సంగతి చెప్పాను. వాళ్ళ అమ్మమ్మ పారేసిన ఆ డీఈసీ మాత్ర భీమవరం మనిషి నడిపించిన ప్రయోగశాలలోంచి వచ్చింది. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీలో ఆయన కింద పనిచేసిన బృందం 1940ల్లో తెచ్చిన మందుల్లో హెట్రజాన్ ఒకటి, అదే డీఈసీ. ఆయన అన్నదమ్ములిద్దరు రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆయనకీ అదే వచ్చి తప్పింది. తరవాత ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేసింది, స్ప్రూకి పనికొచ్చే మందు అది. ఇంతకన్నా గొప్ప పర్సనల్ స్టేట్‌మెంట్ ఎవరు రాయగలరు? అయితే ఆయన జీవితంలోనే నా వాదానికి అడ్డం తిరిగే ముక్క కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి మాట్లాడటం న్యాయం కాదు.

సుబ్బారావు గారు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కట్టారు. సర్జరీ ప్రొఫెసరు తెల్లదొర, ఆయనకి అది గిట్టలేదు. రాత పరీక్షలు బాగా రాసినా ఈయనకి ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ ఇచ్చారు. తరవాత 1922లో బోస్టన్ వెళ్ళి, ఆస్పత్రిలో చిన్నా చితకా పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన కనిపెట్టిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మన పిల్లలు బయోకెమిస్ట్రీలో ఇవాళ్టికీ చదువుతారు. అది పక్కన పెట్టండి. "మనిషిని చూసి" నిర్ణయిస్తామన్నచోట చొక్కాని చూసి నిర్ణయించేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. ఓఎంఆర్ షీటుకి చొక్కా కనబడదు. ఇంటిపేరు వినబడదు.

మనవాళ్ళకి ర్యాంకు మీద అంత నమ్మకం ఊరికే రాలేదు. ఇంటర్వ్యూల పేరుతో సీట్లు ఎటెళ్ళేవో పాతతరం చూసింది. డొనేషన్ల గోల ఎంత ముదిరిందంటే, క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ 1983లో మన రాష్ట్రం చట్టమే చేయాల్సొచ్చింది. అంతకు మూడేళ్ళ ముందు, 1980లో, శ్రీనగర్ ఇంజినీరింగ్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు ఇంటర్వ్యూకి 15 శాతం మించి మార్కులు పెట్టడం తగదని చెప్పింది. అక్కడ 150లో 50 మార్కులు ఇంటర్వ్యూకే ఉండేవి. రాజోలు కూలీ కొడుకూ కాకినాడ కార్డియాలజిస్టు కూతురూ ఒకే ప్రశ్నపత్రం రాస్తారన్నది చిన్న విషయం కాదు. నీట్‌లోనూ లోపాలున్నాయి. 2024 పేపర్ లీకు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, కోచింగ్ ఫీజులు కట్టగలిగినవాడూ కట్టలేనివాడూ ఒకటి కారు. అయినా అక్కడ తేడా చదువులో వస్తుంది. వ్యాసానికి మార్కులు పెట్టామా, కూలీ కొడుకు చేత రాయించేవాడు ఉండడు, కార్డియాలజిస్టు కూతురికి మూడు కన్సల్టెన్సీలు క్యూ కడతాయి. "ఆఫ్రికాలో వాలంటీరుగా పనిచేశాను" అన్న సర్టిఫికెట్ కూడా అమ్మకానికి వస్తుంది. వస్తుందేమిటి, వచ్చేసింది.

మార్కులతో పాటు మనిషినీ చూసే ప్రయత్నం మన దేశంలో అసలు లేదనను. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఎన్నో ఏళ్ళు సొంత పద్ధతిలో, ఇంటర్వ్యూలూ రకరకాల పరీక్షలూ పెట్టి, మారుమూల మిషన్ ఆస్పత్రుల్లో పనిచేయగలవాళ్ళని ఏరుకునేది. నీట్ వచ్చాక దానికి ఒప్పుకోలేక 2017లో ఎంబీబీఎస్‌లో ఒక్క విద్యార్థినే చేర్చుకుంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, మైనారిటీ కాలేజీలకైనా నీట్ తప్పదని తీర్పు చెప్పింది. పుణెలోని సైనిక మెడికల్ కాలేజీ ఏఎఫ్ఎంసీ మాత్రం నీట్ స్కోరు తీసుకున్నాకా ఇంటర్వ్యూ చేస్తుంది. అది సైన్యం కోసం, దాని అవసరం వేరు. సీఎంసీ పద్ధతిలో మంచి ఉందని నేను నమ్ముతాను. కానీ ఆ ఒక్క కాలేజీకి ఆ క్రమశిక్షణ పట్టడానికి తరాలు పట్టింది. దాన్ని రాష్ట్రమంతా జీవోతో తెచ్చేస్తామంటే నాకు భయం. మా జిల్లాలో వ్యాసాలకి రేటు కార్డు మొదటి ఏడాదే తయారవుతుంది.

కన్సల్టెన్సీల మాట వచ్చింది గనక ఇంకో కుర్రాడి గురించి చెప్పాలి. వాళ్ళది భీమవరం పక్క పల్లెటూరు, నాన్నకి రొయ్యల చెరువులు. కుర్రాడి పేజీ నిండా "మానవసేవ". మాట్లాడితే తెలిసిందేమిటంటే, వాడు చెరువు గట్టు మీద పెరిగాడు. వెనామీ రొయ్యకి వైట్ స్పాట్ వస్తే నాన్న రాత్రంతా నిద్రపోయేవాడు కాదట. అది వైరస్, యాంటీబయాటిక్‌తో పోదు. అయినా మందుల షాపువాడు ఇచ్చింది చెరువులో పోసేవాళ్ళు చుట్టుపక్కల ఉండేవారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యల సాగులో నిషిద్ధం. ఆ అవశేషాలు దొరికితే అమెరికావాడూ యూరప్‌వాడూ సరుకు తిప్పి పంపేస్తాడు. తెలిసినవాళ్ళ కంటెయినర్ ఒకటి అలా వెనక్కొచ్చినప్పుడు ఇంట్లో జరిగిన చర్చ వాడికి బాగా గుర్తు. తరవాత ఇంటర్న్‌షిప్‌లో మామూలు జలుబుకి అజిత్రోమైసిన్ రాయమని పేషెంటే దబాయిస్తుంటే, రాసేస్తున్న డ్యూటీ డాక్టర్ని చూసి, "ఇదీ మా చెరువు గట్టు లాగే ఉందండి" అన్నాడు నాతో.

అంతకన్నా ఏం కావాలి? దేశమంతా యాంటీబయాటిక్‌లు పనిచేయడం మానేస్తున్నాయని మొత్తుకుంటుంటే, ఈ కుర్రాడు ఆ కథని రెండు చివర్ల నుంచీ చూశాడు. అది రాయమన్నాను, బాగానే రాశాడు. కన్సల్టెన్సీవాళ్ళు చదివి, "చెరువులూ రొయ్యలూ ఎందుకండీ, ప్రొఫెషనల్‌గా ఉండదు" అని మొత్తం కొట్టేసి మళ్ళీ తాతయ్యని దింపారు. వాళ్ళకి కట్టింది చిన్న మొత్తం కాదు కాబట్టి ఇంట్లోవాళ్ళు వాళ్ళ మాటే విన్నారు. వాడు ఆ పేజీయే పంపాడు.

ఇప్పుడు ఏఐ వచ్చి కన్సల్టెన్సీల పొట్ట కొడుతోంది, అందుకు నాకేం బాధ లేదు. కానీ అది రాసే పేజీ కూడా ఆ తాతయ్యదే, ఇంగ్లీషు మాత్రం ఇంకా నున్నగా ఉంటుంది. తప్పులు చూసుకోవడానికి వాడుకున్నా, చివరికి పంపేది నీ సొంతమే అయి ఉండాలని ఆమ్‌క్యాస్ దరఖాస్తులో ఒప్పుకోలు తీసుకుంటారు. ఏఐ రాసినదాన్ని తనదిగా ఇవ్వడం మోసం కిందికి రావచ్చని యూకాస్ కూడా చెబుతోంది. పట్టుకోగలరా అన్నది నాకు ముఖ్యం కాదు. అమ్మమ్మ కొంగు ముడి సంగతి ఏ యంత్రానికీ తెలీదు, ఈ పిల్ల చెబితే తప్ప. చెప్పాలంటే ముందు గుర్తు తెచ్చుకోవాలి, తెచ్చుకున్నాక పని సగం అయిపోయినట్టే.

నాకు తెలిసిన ఒక కిటుకు ఉంది, చెప్పేస్తాను. నేను పిల్లల్ని మొదట తెలుగులో రాయమంటాను. ఇంగ్లీషులో మొదలెడితే చేయి దానంతటదే "చిన్నప్పటి నుంచీ" వైపు పోతుంది, ఎందుకంటే ఇంగ్లీషులో వాళ్ళు ఇంతవరకూ రాసిందంతా పరీక్షల కోసమే. తెలుగులో రాస్తే అమ్మమ్మ అమ్మమ్మలా మాట్లాడుతుంది. కొందరు పిల్లలకి తెలుగు రాయడం రాదు. వాళ్ళని ఫోన్లో రికార్డు చేసుకురమ్మంటాను. ఒకమ్మాయి స్కూటీ మీద వెళ్తూ రికార్డు చేసింది, వెనక హారన్లూ, దోసెల బండీ వినబడ్డాయి. అదీ మంచిదే.

సరే, అమెరికా వెళ్ళేది కొద్దిమంది. ఇక్కడే ఉండిపోయే వేలమంది సంగతేమిటి? కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివి తునిలోనో తణుకులోనో క్లినిక్ పెట్టుకునేవాణ్ణి ఈ ప్రశ్న ఎప్పటికీ ఎవరూ అడగరు. అసలు అడగాల్సింది వాణ్ణే. వాడి దగ్గరికే మా అమ్మమ్మలు వెళ్ళేది.

దానికి చోటు కూడా ఇప్పటికే ఉంది. 2019లో ఎంబీబీఎస్ సిలబస్ మార్చినప్పుడు మొదట్లో ఫౌండేషన్ కోర్సు అని ఒకటి పెట్టారు. వైఖరి, నైతికత, పేషెంటుతో మాట్లాడే తీరు నేర్పడానికి ఎట్‌కామ్ అని ఒక పాఠ్యాంశం చేర్చారు. తరవాత కుటుంబాల దత్తత కార్యక్రమం వచ్చింది, ప్రతి విద్యార్థీ కొన్ని కుటుంబాలని చూసుకుంటూ ఉండాలి. కాగితం మీద అన్నీ బంగారమే. నడిచే తీరు కాలేజీని బట్టి. చాలాచోట్ల ఫౌండేషన్ కోర్సంటే ఏసీ హాల్లో ఉపన్యాసాలు, పిల్లలు బల్ల కింద ఫోను చూసుకోవడం. ఆ రోజుల్లోనే, ఇంకా డిసెక్షన్ హాలు తలుపు తెరవకముందే, ఒక పేజీ రాయించండి అంటున్నాను. సీటు అప్పటికే వచ్చేసింది కాబట్టి అబద్ధం రాయాల్సిన పని లేదు. మార్కుల్లేవు, సంతకాల్లేవు. తెలుగైనా ఇంగ్లీషైనా సరే. ఒక మాస్టారు చదవాలి. దాచిపెట్టి ఇంటర్న్‌షిప్ మొదటి రోజున ఎవరిది వాళ్ళకి తిరిగి ఇవ్వాలి.

కుదరదన్నవాళ్ళు చెప్పే మొదటి కారణం టైము. 150 సీట్ల కాలేజీలో 150 పేజీలు. పదిమంది పంచుకుంటే మనిషికి పదిహేను. అది ఒక సాయంత్రం పని, మధ్యలో టీ తాగినా సరే. రెండో కారణం, పిల్లలు సీనియర్ల రికార్డులు దించినట్టే దీన్నీ దించేస్తారని. దించుతారు, కొందరు. పక్కవాడి తాతయ్యని తన తాతయ్యగా రాసుకున్నవాడు ఎవడో మొదటి నెలలోనే తెలిస్తే మాస్టారికి మంచిదే కదా.

మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే డాక్టరు గారొకాయన, ఎప్పటినుంచో స్నేహితులు, వేరే అభ్యంతరం చెప్పారు. "డబ్బు కోసం వచ్చానని రాస్తాడండీ ఒకడు. అప్పుడు నేనేం చేయను?" అన్నారు. ఏం చేయక్కర్లేదు, చదవండి చాలు అన్నాను. నాన్న రెండెకరాలు అమ్మి బి కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా, సీటు కొంటే, ఆ పిల్లాడు డబ్బు గురించి ఆలోచించకపోతే ఆశ్చర్యపడాలి గానీ ఆలోచిస్తే ఏముంది? ఆ మాట మొదటి ఏడాదే ఒక పెద్దమనిషి చెవిన పడితే, పదేళ్ళ తరవాత వాడు అవసరం లేని స్కానింగు రాసే ముందు ఒక్కసారైనా తడుముకుంటాడేమోనని నా ఆశ. ఆయన నవ్వి, "మీరు మరీ ఎక్కువ ఆశిస్తున్నారండి" అన్నారు. అయినా తన కింద మెంటరింగ్‌కి ఇచ్చిన పిల్లలతో మొదలెట్టి చూస్తానన్నారు, ప్రశ్నలు నన్నే రాసిమ్మన్నారు.

మూడు రాసిచ్చాను. నువ్వు డాక్టరు కావాలని మొదట అన్నది ఎవరు? వాళ్ళు అనకపోతే ఏం చదివేవాడివి? నువ్వు దగ్గరుండి చూసిన జబ్బుమనిషి ఒకరి గురించి, జబ్బు పేరు రాయకుండా చెప్పు.

డాక్టరు గారు చదివి, రెండో ప్రశ్న కొట్టేశారు. "ఇది ఇంటికి తెలిస్తే తల్లిదండ్రులు నా మీదికొస్తారండి బాబూ" అన్నారు. అదొక్కటీ ఉంచమని ఆయనతో ఇంకా బేరమాడుతున్నాను.